రత్నక్క మాతో ఉన్న నలభై రోజులు

బద్వేలు నుంచి రత్నక్క కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను స్కూలు గ్రౌండులో పిల్లల చేత వాలీబాల్ నెట్ కట్టిస్తున్నాను. "మేడం, అమ్మ పొద్దున పోయింది" అన్నాడు. నన్ను అక్క అనాలో అత్త అనాలో అతనికి ఎప్పుడూ తేలలేదు, అందుకని మేడం అనే అంటాడు. నేను చేరేసరికి కార్యక్రమం అంతా అయిపోయింది. ఆమె పడుకునే గదిలో చాప మీద కాసేపు కూర్చున్నాను. కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మీ గురించి అత్త శానా చెప్పేది. మీకు ఆట నేర్పినాదంట గదా" అంది. అవునమ్మా అన్నాను. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. తిరుగు బస్సులో మైదుకూరు దాటేదాకా అదే బరువు గుండెల మీద కూర్చుంది. రాయకపోతే నాతోనే పోతుందని రాస్తున్నాను.

మాది ఓర్వకల్లు దగ్గర రాళ్ళ మధ్య ఊరు. నాన్న, అమ్మ, అక్క ముగ్గురూ కంకర కొట్టేవాళ్ళు. తెల్లవారకముందే అమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. పెనం మీద పిండి మాడే వాసన, దానికింద ఎప్పుడూ ఉండే రాతిపొడి వాసన, ఈ రెండూ కలిస్తేనే మా ఇల్లు. సాయంత్రం నాన్న గోరువెచ్చని ఉప్పునీళ్ళలో చేతులు పెట్టుకుని, అవి మళ్ళీ ముడుచుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అన్నం ముందు ఆయన చేసే ప్రార్థన ఎంత పొడుగంటే, సంగటి చల్లారి ముద్ద బిగుసుకుపోయేది. ఊళ్ళో జబ్బుపడిన వాళ్ళందరి పేర్లూ చెప్పి, చివర అక్క పేరు చెప్పేవాడు. అక్కకు ఇరవై దాటకముందే రాతిపొడి దగ్గు పట్టుకుంది. ఆదివారం ఏసు గుడిలో అందరూ పాట అందుకున్నప్పుడు అక్క నోరు కదిలేది గానీ గొంతు వచ్చేది కాదు. ఆ పక్కన నిలబడి పాడుతూ, నాకూ ఇంతే కదా అనుకునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు. అది నాకు ఎండ ఉన్నంత మామూలు విషయంగా అనిపించేది.

నన్ను దాన్నుంచి లాగింది నా పొడుగు. స్కూల్లో ఒక సారు చూసి కర్నూలులో ఆటల హాస్టలు ఉందని పంపించాడు. ఊరి పెద్దలు కొందరు నడిపే చిన్న హాస్టలు అది. పదకొండు మంది ఆడపిల్లలం. రెండు రేకుల గదులు, ఒక వంటకొట్టం, తుంగభద్ర వైపు నుంచి గాలి వస్తే దుమ్ము లేచే ఒక వాలీబాల్ కోర్టు. మా కోచ్ మస్తాన్ సార్. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేకపోయినా పొద్దున ఐదింటికి ఈల ఊదేవాడు. మమ్మల్ని అందరినీ బేటీ అనేవాడు, కోపమొస్తే మాత్రం పేరుపెట్టి పిలిచేవాడు.

వాలీబాల్‌లో లిఫ్టర్ అని ఒకరుంటారు. నెట్ దగ్గర నిలబడి, వెనకవాళ్ళు ఆపిన బంతిని వేళ్ళతో పైకి లేపి, కొట్టేవాళ్ళకు అందించే మనిషి. పాయింటు కొట్టేది వేరేవాళ్ళు, చప్పట్లు వాళ్ళకే. కానీ బంతి ఎవరికి, ఎంత ఎత్తున, ఏ క్షణాన ఇవ్వాలో తేల్చేది లిఫ్టరు. ఆమె తడబడితే ఆరుగురూ తడబడతారు. మాకు లిఫ్టరుగా ఆడే అక్క పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. నా వేళ్ళు పొడుగని సార్ నన్ను ఆ చోట నిలబెట్టాడు. నాకు పదహారేళ్ళు. ఆ తర్వాతి రెండు నెలల్లో ఎక్కడ ఆడినా ఓడిపోయాం. భయంతో ప్రతి బంతినీ షంషాద్‌కే ఇచ్చేదాన్ని. మా అందరిలోకీ గట్టిగా కొట్టేది ఆ పిల్లే. అవతలివాళ్ళకు అది రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. అన్నాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. అప్పుడే పెద్దలు వచ్చి సార్‌తో చెప్పి వెళ్ళారు, కడపలో ఏ వయసువాళ్ళైనా ఆడే పోటీల్లో చివరి నాలుగు జట్లలోకి రాకపోతే హాస్టలు మూసేస్తామని. సార్ మాకు దాచలేదు. వరసగా నిలబెట్టి చెప్పాడు. చెప్పి, తల తిప్పుకుని నెట్ తాళ్ళు సర్దుతూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం పదకొండు మందిలో ఒక్కరం కూడా సంగటి ముట్టలేదు.

మర్నాడు సార్ నన్నొక్కదాన్నే వెంటబెట్టుకుని బద్వేలు బస్సెక్కాడు. ఎవరి దగ్గరికో చెప్పలేదు. బస్సు ఓర్వకల్లు మీదుగా పోతుంటే కిటికీలోంచి మా రాళ్ళు కనిపించాయి. తల వంచుకున్నాను. అక్కడ పనిచేసేవాళ్ళు ఎవరైనా తలెత్తి చూస్తే మా నాన్నే అవుతాడని భయం వేసింది. నంద్యాల, ఆళ్లగడ్డ దాటాక సార్ నోరు విప్పాడు. "రత్న అని, నా కాడ ఎనిమిదేండ్లు లిఫ్టరుగా ఆడింది. అట్లాంటి చేతులు నేను మళ్ళా సూడలేదు బేటీ. పెండ్లయి బద్వేలులో పడింది. నాకు నేర్పనీకి వచ్చినంత నేర్పితిని, నీకు సాలలేదు. ఇంగ ఆ పిల్లే దిక్కు."

బద్వేలులో అది సరుకుల అంగడి. ఇంగువ, బెల్లం, కొత్త గోనెసంచుల వాసన. గల్లాపెట్టె దగ్గర తెల్లచీర కట్టుకున్న ముసలామె జీలకర్ర పొట్లం కడుతోంది. ఆమె రత్నక్క అత్త. లోపలి నుంచి కొంగు నడుముకు దోపుకుని వచ్చిన మనిషిని చూసి నేను నిరాశపడ్డాను. ముప్పై దాటిన, కాస్త ఒళ్ళొచ్చిన, మామూలు ఇల్లాలు. సార్‌ను చూడగానే ఆమె చేతిలోని చేట కింద పెట్టేసింది. కళ్ళు మాత్రం మామూలుగా లేవు.

సార్ ముసలామెకు దండం పెట్టి, "అమ్మా, రత్నను నలభై దినాలు నా కాడికి పంపీండి. ఆడనీకి కాదు. ఈ పిల్లకు నేర్పనీకి" అన్నాడు.

ముసలామె పొట్లం దారం తెంపింది. "ఆడనీకి కాదు గదా?"

"కాదమ్మా."

"నువ్వు చెప్పు రత్నా."

"కాదత్తా. నేర్పి వచ్చేస్తా."

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది. "పెండ్లయిన కాడ్నుంచీ ఇది సరుకు దించేటప్పుడు గోడకాడ నిలబడి చేతులిట్లా పైకి లేపుతాంటాది. నేను సూడలేదనుకుంటాది. పోనీ. నలభై దినాలు అంగడి నేను సూసుకుంటా. నిక్కరేసుకొని పదిమందిలో ఎగరడం మాత్రం వద్దు, మాకు ఊళ్ళో మొగముండాది." రత్నక్క తల ఊపింది. ఆ తల ఊపడం నాకు బాగా గుర్తు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు ఊపింది.

వచ్చిన మొదటి రోజు ఆమె నాకు బంతి ఇవ్వలేదు. అందరికీ అన్నం వడ్డించమంది. వడ్డించాను. ఆమె వంటకొట్టం గుమ్మంలో నిలబడి చూసింది. అయ్యాక, "అందరికీ ఒగే మాదిరి పెట్టినావు" అంది. "తప్పా అక్కా?" అన్నాను. "షంషాదుకు వేడి కావల్ల, సల్లారితే ఆ పిల్ల మెతుకు ముట్టదు. ఆ మూల పిల్లకు రెండోసారి అడగనీకి సిగ్గు, అడగకముందే పెట్టల్ల. మా అంగడి మెట్టు ఎక్కేటప్పుడే ఆ మనిషికి ఏం కావల్నో నాకు తెల్సిపోతాది. లిఫ్టరు పనీ అదే. కొట్టే పిల్ల యాడుండాదో సూడనక్కర్లే, ఎట్లుండాదో సూడు." పది రోజులు నేనే వడ్డించాను. పదకొండో రోజుకు ఎవరు నిద్ర చాలక లేచారో, ఎవరి ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందో పళ్ళెం ముందు కూర్చునే తీరులోనే తెలిసేది. కోర్టులోకి వెళ్తే అదే కళ్ళతో చూడగలిగాను. ఆ తర్వాతే నా వేళ్ళ సంగతి పట్టుకుంది. నీళ్ళలో నానబెట్టిన బరువు బంతిని గోడ మీది సున్నపు గుర్తుకు వందలసార్లు లేపించేది. సాయంత్రం వేళ్ళ కణుపులకు ఆముదం రాసి ఒక్కొక్కటే లాగేది. శెట్ల ఇంటి కోడలు నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. చెయ్యి వెనక్కి తీసుకుంటే గట్టిగా పట్టుకుని, "ఊరుకో మ్మే, ఇవి నీవి కాదు, జట్టువి" అనేది.

మూడు వారాలకు నా చేతిలో బంతి నిలిచింది. మొదటిసారి షంషాద్ నా పక్కన కూర్చుని తిన్నది. అప్పుడే ఒక సాయంత్రం రత్నక్క షంషాద్ దగ్గర ట్రాక్ ప్యాంటు అడిగి, చీర మార్చి వేసుకుని అవతలి వైపు నిలబడింది. మాకు పోటీగా ఆడి చూపిస్తానంది. ఆమె వేళ్ళలోకి వచ్చిన బంతి చప్పుడు చేసేది కాదు. వచ్చింది తెలిసేది, పోయింది తెలిసేది, మధ్యలో ఏం జరిగిందో తెలిసేది కాదు. ఆమె ఎటు ఇస్తుందో ఒక్కసారీ కనిపెట్టలేకపోయాం. మస్తాన్ సార్ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె రోజూ ఆడింది. ఒళ్ళు తగ్గింది, నవ్వు పెరిగింది. పిల్లలు నన్ను మరిచిపోయి ఆమె చుట్టూ తిరిగారు. నేనూ తిరిగాను. నాకు అప్పటికింకా తెలియలేదు.

కడపకు బయల్దేరే ముందు వంటకొట్టం తలుపుకు సార్ జట్టు కాయితం అంటించాడు. లిఫ్టర్ అన్నచోట రత్నమ్మ అని ఉంది. నా పేరు అన్నిటికంటే కింద, బెంచీవాళ్ళలో ఉంది. మధ్యాహ్నం ఎండలో నీళ్ళతొట్టి దగ్గర బట్టలు ఉతుకుతున్న ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"నేర్పనీకి వచ్చినావా అక్కా, ఆడనీకి వచ్చినావా?"

ఆమె చేతిలోని బట్ట పిండుతూనే ఉంది. "నేర్పనీకే వస్తి."

"మీ అత్తకు మాటిచ్చినావు గదా."

"ఇస్తి. ఆపుకోలేకపోతాండా మ్మే." తలెత్తింది. "సూడు ఎస్తేరూ. నాకు వెనక్కి పోనీకి అంగడి ఉండాది. నీకు రాళ్ళు ఉండాయి. నాకు తెల్సు. ఇప్పుడు నువ్వు ఆడితే ఓడిపోతాం. నేనాడితే గెలుస్తాం. గెలిస్తే హాస్టలుంటాది, హాస్టలుంటే వచ్చే ఏడు ఆ చోటు నీదే."

అది నిజమో, తనకు తాను చెప్పుకున్న సాకో నాకు తెలియలేదు. ఆమెకూ తెలియదేమో. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను. నన్ను తయారుచేసిన చేతులే నన్ను పక్కకు తోశాయన్న మంట మాత్రం కడప దాకా చల్లారలేదు.

కడపలో ఆ ఎండ చెప్పలేను. కోర్టు మట్టి చెప్పుల్లోంచి కాలేది. మొదటి రెండు ఆటలూ రత్నక్క చేతుల మీద గెలిచాం. మూడోది గెలిస్తే చివరి నాలుగులో ఉంటాం. మొదటి సెట్టు మాదే. రెండో సెట్టు మధ్యలో నేను ఒకటి గమనించాను. ఎగిరి దిగేటప్పుడు ఆమె ఎడమకాలు మీద బరువు వెయ్యడం లేదు. బంతి జానెడు కిందికి వస్తోంది. జనానికి కనిపించదు. కొట్టే షంషాద్‌కు కూడా కారణం తెలియదు, తనే సరిగా ఎగరలేదనుకుని ఇంకా ఎక్కువ ఎగురుతోంది. కానీ నలభై రోజులు ఆ చేతుల్నే చూసినదాన్ని, నాకు తెలిసింది. అంతలో సార్ నా వైపు వంగి, "ఏమన్నా కనిపిస్తాందా బేటీ?" అని అడిగాడు. అడిగాడు. ఆయన అడగకుండా ఉంటే ఈ మాట రాయాల్సిన పని నాకు ఉండేది కాదు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, "ఏం లేదు సార్. బాగానే ఆడతాంది" అన్నాను.

ఆ సెట్టు పోయింది. మూడోదీ పోయింది. పోతుంటే మొదట నాకు తృప్తిగా ఉంది. తర్వాత ఇంట్లో మా అక్క దగ్గు గుర్తొచ్చింది. మూడో సెట్టు అయ్యాక లేచి సార్‌తో చెప్పాను, రత్నక్క కాలు దెబ్బతిందని. రత్నక్క విన్నది. కాదనలేదు. కోర్టు గీత దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "పో" అంది. అంతే. నాలుగో సెట్టు నేను ఆడి గెలిపించాను. అంత బాగా నేను మళ్ళీ జన్మలో ఆడలేదు. ఐదో సెట్టు చివరిదాకా సమానంగా నడిచింది. ఆఖరి బంతి షంషాద్‌కు ఎంత ఎత్తున కావాలో అంతే ఎత్తున ఇచ్చాను. కానీ రెండు సెట్లు కింది బంతుల కోసం ఎగిరెగిరి ఆ పిల్ల తొడలు పట్టేశాయి. ఎగిరింది గానీ చెయ్యి అందలేదు. బంతి నెట్టుకు తగిలి మా వైపే పడింది.

తిరుగు బస్సెక్కాం. మస్తాన్ సార్ ముందు సీట్లో టవలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. భుజాలు కదలడం అందరికీ కనిపించింది. రత్నక్క మైదుకూరులో దిగి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా హాస్టలు మూశారు. నేను మా ఊరికి వచ్చి, అక్క పక్కన కూర్చుని సుత్తి పట్టుకున్నాను. ఆముదం రాసి మెత్తబరిచిన వేళ్ళు నెలకల్లా కాయలు కాశాయి. నేను ఓడిపోయి వచ్చానని ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. నాన్న ప్రార్థనలో నా పేరు అక్క పేరు పక్కన చేరింది. అది మాట కంటే ఎక్కువ కోసింది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం రత్నక్క మా ఊళ్ళో బస్సు దిగింది. చెమటతో తడిసి, చేతిలో సంచి. నాన్న కంగారుపడి, "శెట్టెమ్మా, మా ఇంట్లో నువ్వు యాడ కూచ్చుంటావు" అన్నాడు. ఆమె రాళ్ళకుప్ప మీదే కూర్చుని, "ఈడనే కూచ్చుంటా పెదనాయనా. ఆకలైతాండాది, ఏమన్నా పెట్టీండి" అంది. అమ్మ రొట్టె, వేరుశనగ బుడ్డలతో నూరిన ఊరుబిండి పెట్టింది. తిన్నది. తిని, సంచిలోంచి వ్యాయామ టీచరు శిక్షణకు దరఖాస్తు కాయితం తీసింది. నాన్నతో గంటసేపు వాదించింది. ఆయన సంతకం పెట్టాక నేను ఆమెను బస్సుదాకా దింపడానికి వెళ్ళాను. దారిలో ఇక ఆపుకోలేకపోయాను.

"అక్కా, రెండో సెట్లోనే నాకు కనపడింది. సార్ అడిగినాడు. కావాలనే అబద్దం చెప్తి."

ఆమె నడక ఆపలేదు. "నాకు మొదటి సెట్లోనే తెల్సు" అంది. "మోకాలు పట్టుకొనింది. దిగిపోవల్ల అనుకుంటి. ఇంగొక్క బంతి, ఇంగొక్క బంతి అనుకుంటా నిలబడితి. మళ్ళా నాకు ఆ కోర్టు దొరకదు గదా మ్మే."

"ఇద్దరం కలిసి అందర్నీ ముంచినాం."

"ఊ. మీ అందరి ఇండ్లకూ ఇట్లే కాయితం తీసుకొని పోయినా. కొందరికి పెండ్లిండ్లు అయిపోయినాయి. కొందరు వాకిట్లోకే రానీలేదు. షంషాదు కుట్టుమిషను కాడ కూచ్చోని, 'ఇంగ నాకేం వద్దక్కా' అనింది. నీ కాడికి ఆఖరున వస్తి. నీ మొగం సూడనీకి ధైర్యం సాలక." బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు, "ఆడినానని మా అత్తకు నేనే చెప్తి. నెల దినాలు మాట్లాడలే. ఈ పొద్దు మాత్రం దారి కర్సులకు తనే ఇచ్చి పంపింది" అని చెప్పి నవ్వబోయి, నవ్వలేకపోయింది.

ఆ కాయితంతో నేను టీచరునయ్యాను. పదకొండు మందిలో నేనొక్కదాన్నే. మా అక్క ముప్పై నిండకుండా పోయింది. ఇప్పుడు మా ఊరి పక్కన విమానాలు దిగుతున్నాయి. మా పిల్లలకు బూట్లున్నాయి, మోకాళ్ళకు పట్టీలున్నాయి, ఆడిన ప్రతి ఆటా ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. ఓడితే హాస్టలు మూసేస్తామనేవాళ్ళు లేరు. అయినా బెంచీ మీద కూర్చున్న పిల్ల మొహం చూస్తే నాకు అప్పటికీ ఇప్పటికీ తేడా కనిపించదు. తన చోట ఆడేదాని తప్పు కోసం ఎదురుచూసే ఆ చూపు నాకు తెలుసు. అందుకని మా జట్టులో ఒకటే పద్ధతి పెట్టాను. బెంచీ మీద ఉన్నవాళ్ళు ఏది కనిపిస్తే అది గట్టిగా అరిచి చెప్పాలి. తప్పయినా సరే, ఎవరికి కోపమొచ్చినా సరే. మా బెంచీ గోల చూసి మిగతా స్కూళ్ళ సార్లు నవ్వుతారు.

బద్వేలు నుంచి వచ్చిన మూడో రోజు కర్నూలులో ఆట ఉంది. సెట్టు మధ్యలో ఎనిమిదో తరగతి పిల్ల బెంచీ మీంచి లేచి, "మేడం, అక్కకు కాలు నొస్తాండాది, చెప్పకుండా ఆడతాంది!" అని అరిచింది. మా లిఫ్టరు వెనక్కి తిరిగి ఆ పిల్లను చంపేసేలా చూసింది. ఆ చూపు అలాగే ఉంచుకుని, కుంటుకుంటూ గీత దాటి బయటకు వచ్చింది.